ఏనుగుల విలియమ్స్: రంగం అడవుల్లో ఒక జీవితం

ఈసారి మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఒక ప్రముఖ వ్యక్తి జీవితం రాసి పంపమని కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేశారు. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిబా ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి మన పిల్లలు ఏటా రాస్తూనే ఉన్నారు. నిజం చెప్పాలంటే నాకంటే బాగా రాస్తున్నారు. అందుకని నేను ఎవరూ ముట్టుకోని మనిషిని ఎంచుకున్నాను. ఆయన మన దేశం వాడు కాదు, మనలాంటి ఇంట్లో పుట్టినవాడూ కాదు. పైగా ఒక తెల్లదొరల కంపెనీలో జీతగాడు. అయినా ఆయన కథ మన హాస్టల్ పిల్లలకు చెప్పదగ్గదే అనిపించింది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు ఒక మాట. 2023 మే నెలలో మా పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. ఆ సంగతి మీలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. ఆ మర్నాడు ఊళ్లో సగం మంది ఏడ్చారు, సగం మంది పీడ పోయిందన్నారు. రెండూ నాకు అర్థమయ్యాయి. వరి, చెరుకు, అరటి పోగొట్టుకున్న రైతు కోపం అబద్ధం కాదు. ఒరిస్సా అడవుల్లో చోటు చాలక ఇటు దిగిన మూగజీవాల బాధా అబద్ధం కాదు. సెలవుల తర్వాత స్కూల్లో పిల్లలు నన్ను ఒకటే అడిగారు. మనిషీ ఏనుగూ కలిసి బతికిన చోటు ఎక్కడైనా ఉందా అని. జవాబు కోసం వెతుకుతుంటే దొరికిన పేరు జేమ్స్ హోవర్డ్ విలియమ్స్. ప్రపంచానికి ఆయన ఎలిఫెంట్ బిల్. ఆయన పనిచేసిన చోటు బర్మా, అంటే మన పెద్దవాళ్లు రంగం అని పిలిచిన దేశం.

రంగం అనే మాట ఇప్పటి పిల్లలకు కొత్తగా ఉండొచ్చు. ఒకప్పుడు మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో కరువొస్తే, అప్పు పెరిగితే, కూలి దొరక్కపోతే ఓడెక్కి రంగూను పోయేవారు. అక్కడి రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. అక్కడివాళ్లు మనవాళ్లను కోరంగీలు అనేవారు. మా ముత్తాత కూడా అలా వెళ్లినవాడే. అందుకే ఈ కథలో నాకు ఏనుగులతో పాటు ఇంకో ఆసక్తి కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

విలియమ్స్ 1897 నవంబర్ 15న ఇంగ్లండు నైరుతి మూలనున్న కార్న్‌వాల్‌లో, సెయింట్ జస్ట్ అనే ఊళ్లో పుట్టాడు. గనుల ప్రాంతం అది. ఆయన కూడా కొన్నాళ్లు గనుల కాలేజీలో చదివాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరి మధ్యప్రాచ్యంలో ఒంటెల దళంలో పనిచేశాడు. కంచర గాడిదల మీద సామాను చేరవేసే పనీ చూశాడు. యుద్ధంలో మనుషులు ఎలా చచ్చిపోతారో చూసినవాడికి మళ్లీ ఊళ్లో కూర్చుని ఉద్యోగం చేయబుద్ధి కాలేదు కాబోలు, 1920లో బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం సంపాదించి బర్మా వెళ్లిపోయాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు దాటాయి.

ఈ కంపెనీ గురించి కాస్త చెప్పుకోవాలి. 1863లో మొదలైన ఈ సంస్థ బర్మా టేకు మీద బతికింది. దొంగతనంగా దుంగలు తరలించిందని బర్మా రాజు తీబా కొలువు దీనికి పెద్ద జరిమానా వేస్తే, ఆ తగాదానే సాకుగా చూపి 1885లో బ్రిటిష్‌వాళ్లు యుద్ధం చేసి ఆ దేశాన్ని మింగేశారు. ఇప్పుడీ కంపెనీ వాడియా గ్రూపుది, మనం టీలో ముంచుకునే బ్రిటానియా బిస్కెట్లలో ప్రధాన వాటా కూడా దీని చేతిలోనే ఉంది. చరిత్ర ఎక్కడెక్కడో తిరిగి మన పళ్లెంలోకి వస్తుందనడానికి ఇదొకటి.

విలియమ్స్‌ను ఎగువ చింద్విన్ నది ప్రాంతానికి, మైత్తా లోయ అడవులకు పంపారు. వానలు మొదలయ్యాయంటే నెలల తరబడి ఆగని చోటు. జలగలు, మలేరియా, వరదలు. సుమారు 400 చదరపు మైళ్ల అడవిలో పది శిబిరాలు, డెబ్బై ఏనుగులు ఆయన బాధ్యత. శిబిరానికీ శిబిరానికీ మధ్య ఆరేడు మైళ్లు, మధ్యలో మూడు నాలుగు వేల అడుగుల కొండలు. అంతా కాలినడకే.

ఆ రోజుల్లో టేకు ఎలా తీసేవారో తెలిస్తే ఏనుగు విలువ తెలుస్తుంది. పచ్చి టేకు నీళ్లలో తేలదు. అందుకని ముందుగా చెట్టు మొదలు చుట్టూ బెరడు, కింది కొయ్య ఒలిచేసి చెట్టును నిలబెట్టే చంపుతారు. అది అలా మూడేళ్లు ఎండాలి. అప్పుడు నరికి దుంగలు చేస్తారు. అక్కడికి బండ్లు రావు, రోడ్లు లేవు. టన్నుల బరువున్న దుంగను లోయల్లోంచి ఈడ్చి వాగు దాకా చేర్చగలిగేది ఏనుగు ఒక్కటే. వానాకాలంలో వాగు పొంగితే దుంగలు కొట్టుకొచ్చి పెద్ద నదిలో పడతాయి, అక్కడ తెప్పలు కట్టి రంగూను మిల్లులకు తోలతారు. చెట్టుకు గాటు పెట్టిన దగ్గర్నుంచి మిల్లు చేరేదాకా ఏళ్లు పడుతుంది. మధ్యలో వాగుల్లో దుంగలు చిక్కుకుంటే వాటిని విడదీసేదీ ఏనుగులే.

కొత్తగా వచ్చిన విలియమ్స్‌కు మొదట నాలుగు ఏనుగుల్ని అప్పగించారు. అందులో ఒక ముసలిది వెంటనే చచ్చిపోయింది. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే ఆయన ఒక పని చేశాడు. దాన్ని కోసి లోపల ఏముందో చూశాడు. గుండె ఎంత ఉంది, ఊపిరితిత్తులు ఎక్కడున్నాయి, పేగు ఎంత పొడవు అని. నేర్పే పుస్తకం లేదు, చెప్పే డాక్టరు లేడు. చచ్చిన ఏనుగే ఆయనకు మొదటి పాఠ్యపుస్తకం. ఇది చదివినప్పుడు మన హాస్టల్లో ఒకే గైడు పుస్తకాన్ని పదిమందిమి పంచుకుని చదివిన రోజులు గుర్తొచ్చాయి. చదవాలనుకున్నవాడికి ఏదో ఒకటి దొరుకుతుంది.

అయితే ఆయనకు అసలు గురువులు ఊజీలు. బర్మాలో ఏనుగు మావటిని ఊజీ అంటారు. ఊజీకి తన ఏనుగు మీద ఉన్న అవగాహన మరెవరికీ ఉండదు. సాయంత్రం పని కాగానే ఏనుగు ముందరి కాళ్లకు బందం వేసి, మెడలో కొయ్య గంట కట్టి అడవిలోకి వదిలేస్తారు. రాత్రంతా అది తన ఇష్టం వచ్చిన చోట తిని, పడుకుని, అడవి ఏనుగులతో జతకట్టి తిరుగుతుంది. తెల్లవారకముందే ఊజీ అడుగుజాడలు పట్టుకుని, గంట చప్పుడు వింటూ మైళ్లకు మైళ్లు నడిచి దాన్ని కనుక్కుని, పేరు పెట్టి పిలుచుకుని వస్తాడు. ప్రతి ఊజీ తన గంటను తానే చెక్కుకుంటాడు, ఏ రెండు గంటల శబ్దమూ ఒకటి కాదు. పడుచు ఏనుగులు కొన్ని ఆ గంటలోకి బురద కూరి చప్పుడు రాకుండా చేసి, రాత్రిపూట ఊళ్లోని అరటి తోటలో దొంగతనానికి వెళ్లేవని విలియమ్స్ రాశాడు. సెకండ్ షో సినిమాకు గోడ దూకిన మన పూర్వ విద్యార్థులు ఈ తెలివిని మెచ్చుకుంటారని నా నమ్మకం.

ఇక్కడ అసలు విషయానికి వస్తాను. ఆ రోజుల్లో కంపెనీలకు ఏనుగులు కావాలంటే అడవి నుంచి పట్టి తెచ్చేవారు. అడవి ఏనుగును లొంగదీయడమంటే దాన్ని కట్టేసి, ఆకలికి మాడ్చి, ఈటెలతో పొడిచి, దాని మనసు విరిగేదాకా హింసించడమే. చాలా ఏనుగులు ఆ వారాల్లోనే చచ్చిపోయేవి. బతికినవాటి ఒంటి మీద ఆ మచ్చలు జీవితాంతం ఉండేవి. శిబిరాల్లో పుట్టిన గున్నల్ని మాత్రం కంపెనీ లెక్కలోకే తీసుకునేది కాదు. గున్న పని చేయడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, అన్నాళ్లు ఎవరు మేపుతారు, అడవిలోంచి పట్టి తెస్తే చవక కదా, ఇదీ వారి లెక్క. తల్లిని పనికి తోలితే పాలు లేక కొన్ని, పులుల నోట పడి కొన్ని గున్నలు పోయేవి.

ఈ లెక్క తప్పని చూపించినవాడు ఒక బర్మా మావటి. పేరు పో టోక్. ఆయన దగ్గర బందూలా అనే మగ ఏనుగు ఉండేది. బ్రిటిష్‌వారితో పోరాడి 1825లో చనిపోయిన బర్మా సేనాని మహా బందూలా పేరే దానికి పెట్టారు. అది 1897లో పుట్టింది, అంటే విలియమ్స్ పుట్టిన ఏడే. పో టోక్ దాన్ని గున్నగా ఉన్నప్పటి నుంచీ హింస లేకుండా పెంచాడు. ఒంటి మీద ఒక్క ఈటె మచ్చ లేని ఆ ఏనుగు మిగతావాటన్నిటికంటే బలంగా, తెలివిగా, నమ్మకంగా తయారైంది. విలియమ్స్ గొప్పతనం ఏమిటంటే, తన కింద పనిచేసే ఒక మావటి తనకంటే బాగా తెలిసినవాడని ఒప్పుకుని, ఆయన దగ్గర నేర్చుకుని, ఆ పద్ధతిని కంపెనీ పైవాళ్ల ముందు పెట్టి వాదించి గెలవడం.

అలా ఏనుగు పిల్లల బడి మొదలైంది. పాలిచ్చే తల్లులకు పని నుంచి సెలవిచ్చారు. గున్నకు ఐదేళ్లు వచ్చాక దుంగలతో కట్టిన మూడు మూలల దొడ్డిలోకి అరటిపండు ఆశ చూపి పిలుస్తారు. పైనుంచి తాడుతో ఒక మెత్తటి దిమ్మను దాని వీపు మీదకు దించుతూ కూర్చోమంటారు. కూర్చోగానే దిమ్మ పైకి లేస్తుంది, పండు చేతికి వస్తుంది. తర్వాత ఊజీ ఎక్కి మెడ మీద కూర్చుంటాడు. ఒకటి రెండు రోజుల్లో గున్న తొలి పాఠం నేర్చేస్తుంది. పందొమ్మిది ఇరవై ఏళ్లు వచ్చేదాకా సామాను మోయడమే తప్ప దుంగ లాగే పని ఉండదు. ఇరవై ఐదు దాటాక పూర్తి పని. యాభై ఐదు ప్రాంతంలో పదవీ విరమణ. ఎండాకాలం మూడు నెలలు సెలవు. వినడానికి మన టీచర్ల సర్వీసు నిబంధనల్లా లేవూ? జబ్బుపడ్డ ఏనుగులకు ఆసుపత్రి కూడా పెట్టాడు.

ఈ పద్ధతి పూర్తిగా మంచిదని నేను అనను. దొడ్డిలో పడ్డ గున్న మొదట భయపడి గింజుకుంటుంది. తల్లి నుంచి విడదీయడం విడదీయడమే. ఆరేడేళ్ల వయసులో అమ్మను వదిలి పెట్టె పట్టుకుని హాస్టల్ గేటు ముందు నిలబడ్డ మనకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ దెబ్బలతో నేర్పినవాడికీ ఓపికతో నేర్పినవాడికీ తేడా ఏమిటో కూడా మనకు బాగా తెలుసు. ఎక్కాలు తప్పు చెబితే వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి నొక్కిన ఒక మాస్టారు నాకున్నారు. పదిహేడో ఎక్కం నాకు ఇప్పటికీ రాదు.

విలియమ్స్ చెప్పింది సెంటిమెంటు కాదని చాలా ఏళ్ల తర్వాత లెక్కలతో తేలింది. బర్మా టేకు ఏనుగులకు పుట్టుక, చావు, జబ్బులు రాసిన రిజిస్టర్లు తరతరాలుగా ఉన్నాయి. వాటిని ముందేసుకుని 5,000కు పైగా ఏనుగుల వివరాలు పరిశీలించిన శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించిన సంగతి ఇది. అడవి నుంచి పట్టి తెచ్చి లొంగదీసిన ఏనుగులు, శిబిరాల్లో పుట్టి పెరిగినవాటికంటే మూడు నుంచి ఏడేళ్లు తక్కువ బతికాయి. దెబ్బ తగిలిన కొన్నాళ్లకే కాదు, ఏళ్ల తరబడి దాని ప్రభావం ఉంది. 2008లో వచ్చిన ఇంకో పరిశోధన ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఐరోపా జూలలో పుట్టిన ఆడ ఆసియా ఏనుగుల్లో సగం పందొమ్మిదేళ్లు నిండకుండానే పోతుంటే, బర్మాలో దుంగలు లాగినవాటిలో సగం నలభై ఏళ్లు దాటి బతికాయి. ఏ పనీ లేకుండా వేళకు తిండి దొరికే జూ కంటే, పని ఉన్నా రాత్రిపూట అడవిలో తన మందతో తిరిగే బతుకే ఏనుగుకు నయమన్నమాట.

విలియమ్స్ చూసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది మా ష్వే అనే ఆడ ఏనుగు సంగతి. ఒక సాయంత్రం ఎగువ తౌంగ్‌డ్విన్ వాగు ఉన్నట్టుండి పొంగింది. మా ష్వే, దాని మూడు నెలల గున్న వరదలో చిక్కుకున్నాయి. రెండు పక్కలా నిట్టనిలువు రాతి గట్లు. గున్న కొట్టుకుపోతుంటే తల్లి దాన్ని తన ఒంటితో రాతికి అదిమి పట్టింది. ఒక్కసారిగా నీరు పెరిగి గున్న తల్లి మీదుగా దాటి పోయింది. తల్లి వెంటపడి అందుకుని, తొండంతో చుట్టి, వెనక కాళ్ల మీద లేచి నిలబడి, నీటికి ఐదడుగుల పైనున్న రాతి అంచు మీద దాన్ని పెట్టింది. ఆ ఊపులో తాను వరదలో పడి కొట్టుకుపోయింది. కింద కొద్ది దూరంలోనే కొండ గొంతు లాంటి ఇరుకు, అందులో పడితే ప్రాణం దక్కదు. గట్టు మీద నిలబడ్డ విలియమ్స్‌కు చీకట్లో గున్న వణుకుతూ రాతికి అతుక్కుని కనిపిస్తోంది, చేయగలిగింది లేదు. అరగంట గడిచిందో లేదో అవతల నుంచి ఒక గర్జన వినిపించింది. తల్లి ఎలాగో ఒడ్డెక్కి, అరుస్తూ పరుగెత్తుకుంటూ వస్తోంది. గున్న కనిపించగానే ఆ గర్జన మారిపోయి, సంతోషపడ్డప్పుడు ఏనుగులు చేసే గురగుర అయ్యింది. మధ్యలో వాగు ఉంది కాబట్టి రాత్రంతా అలాగే నిలబడింది. తెల్లారేసరికి వరద తీసింది, తల్లీ పిల్లా ఒకే ఒడ్డున ఉన్నాయి. ఏనుగు జంతువే కదా అనేవాళ్లకు మా స్కూల్లో నేను ఈ సంగతి చెబుతుంటాను.

1932లో విలియమ్స్ సూసన్ రోలండ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె మేనమామ వరస పెద్దమనిషి బర్మా అటవీ శాఖలో పెద్ద అధికారి. ఆమె కూడా ఆయనతో పాటు అడవి శిబిరాల్లో తిరిగింది. ఈ కాలంలోనే ఆయన అండమాన్ దీవుల అడవులు చూడటానికీ వెళ్లొచ్చి, తర్వాత దాని మీద ఒక పుస్తకం రాశాడు.

1941 డిసెంబరులో రంగూను మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో నగరం వాళ్ల చేతికి పోయింది. కంపెనీ తెల్లవాళ్ల కుటుంబాల్ని ముందుగానే తరలించింది. ఆడవాళ్లను, పిల్లల్ని తము మీదుగా మణిపూర్ వైపు చేర్చే పని విలియమ్స్ చూశాడు. వాళ్ల సామాను ఏనుగులు మోశాయి. అదే దారుల్లో, ఆ పక్క దారుల్లో లక్షల మంది భారతీయులు నడిచారు. వాళ్ల మూటలు వాళ్ల నెత్తి మీదే. దాదాపు ఐదు లక్షల మంది అలా వచ్చారని, కలరా, ఆకలి, మలేరియాలతో వేలకు వేల మంది దారిలోనే పోయారని చరిత్రకారులు చెబుతారు. మంచి దారులు, విడిది గుడిసెలు తెల్లవాళ్లకు, మిగిలినవి నల్లవాళ్లకు అన్న వివక్ష కూడా ఆ చావుల మధ్యే నడిచింది. నడిచి వచ్చినవాళ్లలో మా ముత్తాత ఒకడు. ఆయనతో బయలుదేరిన తమ్ముడు రాలేదు. ఆ తమ్ముడి పేరు కూడా మా ఇంట్లో ఇప్పుడెవరికీ తెలియదు. విలియమ్స్ జీవితం చదువుతున్నప్పుడు ఈ దగ్గర నా మనసు కొంచెం చేదయింది. తప్పు ఆయనదని కాదు. ఏనుగు వీపు మీద ఎవరి పెట్టెలు ఎక్కాయో, ఎవరివి ఎక్కలేదో చెప్పకుండా ఈ కథ చెప్పకూడదని మాత్రం అనుకున్నాను.

తర్వాత ఆయన సైన్యంలో చేరి ఒకటో నంబరు ఎలిఫెంట్ కంపెనీ ఏర్పాటు చేశాడు. జపాన్‌వాళ్ల చేతుల్లో పడ్డ ప్రాంతం నుంచి ఊజీలు తమ ఏనుగులతో రాత్రికి రాత్రి పారిపోయి వచ్చి చేరారు. సైన్యంలో ఒక తమాషా తగాదా నడిచింది. ఏనుగు సామాను మోస్తుంది కాబట్టి రవాణా శాఖది అని ఒకరు, వంతెన కడుతుంది కాబట్టి ఇంజనీర్లది అని ఇంకొకరు. ఏనుగు మీద బస్తాలు వేసి పాడు చేయొద్దు, దుంగలు ఎత్తి వంతెనలు కట్టడంలోనే దాని తెలివి ఉంది అని విలియమ్స్ పట్టుబట్టాడు. కబా లోయలో వాగుల మీద ఆ ఏనుగులు దుంగలు పేర్చి కట్టిన వంతెనల మీదుగా సైన్యం లారీలు నడిచాయి. పద్నాలుగో సైన్యాధిపతి జనరల్ స్లిమ్ తర్వాత ఆయన పుస్తకానికి ముందుమాట రాసి ఈ పనిని మెచ్చుకున్నాడు.

1944 వసంతంలో జపాన్ సైన్యం ఇంఫాల్ మీదకు విరుచుకుపడింది. ఏనుగులు శత్రువు చేతిలో పడకుండా పడమరగా అస్సాం తరలించమని విలియమ్స్‌కు ఆదేశం వచ్చింది. అప్పుడు బయలుదేరిన గుంపులో 45 ఏనుగులు, 90 మంది ఊజీలు, సహాయకులు, 40 మంది ఆయుధాలు పట్టిన కరెన్ జాతివాళ్లు, 64 మంది గూర్ఖా స్త్రీలు, పిల్లలు, నలుగురు అధికారులు. ముందు ఐదు కొండల వరసలు, కొన్ని ఆరు వేల అడుగుల ఎత్తు. మ్యాపులో సరైన దారి లేదు. ఒకచోట రెండు మూడు వందల అడుగుల ఇసుకరాతి కొండ గోడలా అడ్డం నిలిచింది. వెనక్కి పోవడానికి వీల్లేదు. రెండు రోజులపాటు రాతిలో మెట్లు చెక్కారు. ఏనుగు పాదం పట్టేంత మెట్లు. ఏనుగు మెట్లెక్కుతుందా అన్నది ఎవరికీ తెలియదు. మొదటి ఏనుగు జారితే వెనకున్నవన్నీ బెదిరి పోతాయి.

ముందు నడిపించింది బందూలాను, మీద కూర్చున్నది పో టోక్. ముందరి కాళ్లు పై మెట్టు మీద పెట్టి, వెనక కాళ్లు మడిచి దాదాపు మోకాళ్ల మీద పాకుతూ, ఒక్కొక్క మెట్టూ తడిమి చూసుకుంటూ అది ఎక్కింది. పైన విలియమ్స్ గంటల తరబడి ఎదురు చూశాడు. కొండ అంచున బందూలా తల కనబడింది. దాని వెనక మిగతావి ఒకటొకటిగా ఎక్కి వచ్చాయి. ఒక్క ఏనుగూ జారలేదు. ఏప్రిల్ మొదటి వారంలో బయలుదేరినవాళ్లు నెలాఖరుకు సిల్చార్ ప్రాంతంలో ఒక టీ తోట చేరారు. గూర్ఖా పిల్లల్లో జ్వరాలతో నడవలేనివాళ్లు ఏనుగుల మీదే వచ్చారు. 1942లో లేనిది 1944లో దొరికింది అని మా ముత్తాత బతికుంటే అనేవాడేమో.

ఇంత చేసిన బందూలా ఆ ఏడాదిలోనే అడవిలో తుపాకి దెబ్బకు చచ్చి పడి కనిపించింది. ఒక దంతం కోసుకుపోయారు. విలియమ్స్‌కు ఎవరెవరి మీదో అనుమానాలు వచ్చాయి గానీ నేరం ఎవరి మీదా రుజువు కాలేదు. పుట్టిన ఏడాది ఒకటే అయిన ఆ నేస్తం చావు ఆయన్ను చివరిదాకా వదలలేదు. 1953లో దాని పేరుతోనే ఒక పుస్తకం రాశాడు.

1946లో ఆయన కార్న్‌వాల్‌కు తిరిగి వెళ్లిపోయాడు. 1950లో వచ్చిన ఎలిఫెంట్ బిల్ పుస్తకం ఆయన్ను ప్రపంచానికి తెలియజేసింది. చివరి రోజుల్లో ఇంకో ఏనుగుతో పని పడింది. బ్రిటన్‌లో ఒక విహార శిబిరం వాళ్లు జనాన్ని ఆకర్షించడానికి చార్లీ అనే పెద్ద ఏనుగును పెట్టుకున్నారు. దాన్ని స్కాట్లాండు నుంచి ఇంగ్లండులోని ఇంకో శిబిరానికి తరలించే పనిలో ఆయన తోడు వెళ్లాడు. అడవిలో మందతో తిరగాల్సిన జీవి ఒంటరిగా సెలవులకొచ్చిన జనానికి వినోదమై మిగిలింది. దాని మీద రాసిన పుస్తకం ఆయన పోయాక 1959లో వెలువడింది. అంతకు ముందే, 1958 జూలై 30న, అపెండిసైటిస్ ఆపరేషన్ సమయంలో విలియమ్స్ మరణించాడు. వయసు అరవై. సూసన్ గారు ఆయన గురించి 1962లో ఒక పుస్తకం రాశారు.

ఆయన పెంచిన ఏనుగుల మునిమనవలు ఇప్పుడేం చేస్తున్నాయో కూడా చెప్పాలి. స్వాతంత్ర్యం తర్వాత టేకు పని, ఏనుగులు ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్లాయి. దాని దగ్గర దాదాపు మూడు వేల ఏనుగులు ఉండేవి. అడవి తరిగిపోయి, 2014లో ముడి దుంగల ఎగుమతి ఆపేశారు. ఆ తర్వాత ఒక ఏడాది నరకడమే ఆపారు. చెట్లకు మంచిదే. కానీ వేల ఏనుగులకు, వాటి మీద బతికే ఊజీలకు పని పోయింది. ఏనుగును ఇంటికి పంపించలేం కదా, రోజుకు క్వింటాలున్నర పైనే తింటుంది. అప్పుడు పర్యాటకం ముందుకొచ్చింది. కొన్నిచోట్ల వీపు మీద కుర్చీ కట్టి జనాన్ని ఎక్కించుకుని తిప్పడం మొదలైంది. షాన్ కొండల్లో కలా దగ్గర 2011లో మొదలైన గ్రీన్ హిల్ వ్యాలీ లాంటి శిబిరాలు మాత్రం వేరే దారి పట్టాయి. రిటైరైన, జబ్బుపడ్డ టేకు ఏనుగుల్ని తెచ్చుకున్నారు. సవారీ లేదు. వచ్చినవాళ్లు మేత పెట్టొచ్చు, నదిలో కడగడం చూడొచ్చు, మొక్క నాటొచ్చు. ఊజీ జీతం, మందుల ఖర్చు టికెట్ డబ్బుల్లోంచి వస్తాయి. కానీ 2020లో కరోనా, 2021 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటు వచ్చి విదేశీ పర్యాటకులు రావడం బాగా పడిపోయింది. ఏనుగు పొట్టను టూరిస్టు దయ మీద నిలబెడితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. నా మటుకు నాకు తోచేది, సవారీ చేయించే చోటికి వెళ్లకపోవడం ఎంత అవసరమో, చేయించని చోట్లను నిలబెట్టడమూ అంతే అవసరం. మనవాళ్లు కేరళ, కర్ణాటక, థాయిలాండ్ టూర్లకు వెళ్తున్నారు కాబట్టి ఈ మాట రాస్తున్నాను. థాయిలాండ్‌లో సవారీ ఏనుగుల వెనక ఆ పాత లొంగదీత పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు.

మన దగ్గర 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు కుంకీ ఏనుగుల్ని ఇచ్చింది. కుంకీ అంటే ఊళ్లమీద పడ్డ అడవి ఏనుగుల్ని తిరిగి అడవికి మళ్లించడానికి శిక్షణ పొందిన ఏనుగు. చిత్తూరు వైపు వాటితో పని మొదలైంది. మన మన్యం ఏనుగుల సంగతి ఏమవుతుందో చూడాలి. ఏనుగులు వచ్చినప్పుడు అందరూ వాటి గురించే మాట్లాడతారు గానీ, మావటికి ఎంత జీతం, ఎన్నాళ్లకు వస్తుంది, ఆయన పిల్లలు ఎక్కడ చదువుతున్నారు అని ఎవరూ అడగరు. విలియమ్స్ పుస్తకం అట్ట మీద విలియమ్స్ పేరుంది. 45 ఏనుగుల్ని కొండ ఎక్కించిన ఊజీల్లో పో టోక్ లాంటి కొద్దిమంది పేర్లే మనకు తెలుసు.

చివరగా పూర్వ విద్యార్థులకు, ముఖ్యంగా ఉత్తరాంధ్ర బ్యాచ్‌లకు ఒక మనవి. మీ ఇళ్లలో రంగం వెళ్లొచ్చిన తాతముత్తాతల ముచ్చట్లు తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, విశాఖ బర్మా క్యాంపులో బంధువులు ఉంటే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. ఎవరు ఏ మిల్లులో పనిచేశారు, ఏ దారిన నడిచి వచ్చారు, దారిలో ఎవరు మిగిలిపోయారు, వాళ్ల పేర్లేమిటి. సంక్రాంతి సెలవుల్లోపు మన కమిటీకి అందిస్తే వచ్చే ఏడాది సంచికలో నాలుగు పేజీలు అందుకు ఉంచుతామని తమ్ముళ్లు ఒప్పుకున్నారు.